ఇంజన్ ఊపిరికి తగిన హెడ్డు

షెవర్లే కంపెనీ 1955లో 265 ఘనపుటంగుళాలతో మొదలుపెట్టిన చిన్న వీ8 ఇంజన్, 1967లో కమారో కారుతో 350 ఘనపుటంగుళాలకు, అంటే 5.7 లీటర్లకు పెరిగింది. ఆ ఇంజన్ సిలిండర్లను పైనుంచి మూస్తూ, వాల్వులనూ గాలి దారులనూ మోసే ఇనుప సిలిండర్ హెడ్లు విప్పేసి, బయటి తయారీదారుల అల్యూమినియం హెడ్లు బిగించుకోవడం అమెరికాలో కార్ల పిచ్చి ఉన్నవారికి పాత అలవాటే. ఎడెల్‌బ్రాక్, డార్ట్, ట్రిక్ ఫ్లో వంటి కంపెనీల సరుకు చూస్తే ఈ ఒక్క ఇంజన్ కుటుంబానికే 180, 195, 210, 220 సీసీ అంటూ రకరకాల హెడ్లు కనిపిస్తాయి. ఆ అంకె గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ పోర్టు ఘనపరిమాణం. పెద్ద అంకె ఉన్నదానికే మనసు లాగుతుంది. డబ్బు వృథా అయ్యేదీ చాలావరకు అక్కడే.

కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నవారికి ఊదుగొట్టం సంగతి తెలుసు. సన్నని గొట్టంలోంచి వెళ్లిన ఊపిరి నిప్పును రాజేస్తుంది, అదే ఊపిరి వెడల్పాటి గొట్టంలో నీరుగారిపోతుంది. పోర్టు విషయంలో దీన్ని లెక్కగట్టి చూడవచ్చు. 350 ఇంజన్ బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 4 అంగుళాలు; స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 3.48 అంగుళాలు. నిమిషానికి 6000 చుట్ల దగ్గర పిస్టన్ సగటున సెకనుకు 17.7 మీటర్లు కదులుతుంది. పిస్టన్ తల వైశాల్యం 81 చదరపు సెంటీమీటర్లు కాబట్టి, పోర్టులో అన్నిటికన్నా ఇరుకైన చోటు 13 చదరపు సెంటీమీటర్లుంటే అక్కడ గాలి సగటున సెకనుకు 110 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. ఆ చోటును 15.5కు పెంచితే వేగం 92కు పడిపోతుంది. ఊళ్లో తిరిగేటప్పటి 2500 చుట్ల దగ్గరైతే ఇవి 46, 38 మాత్రమే.

ఈ వేగం ఎందుకంత ముఖ్యమంటే, పిస్టన్ అడుగుకు చేరి తిరిగి పైకి లేవడం మొదలైన తరువాత కూడా ఇన్‌టేక్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది. ఊపు మీదున్న గాలి, ఎదురొస్తున్న పిస్టన్‌ను లెక్కచేయక లోపలికి దూసుకొస్తూనే ఉంటుంది. మందంగా నడిచే గాలి మాత్రం ఆగి, వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. కార్బురేటర్ ఇంజన్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది: గాలి నెమ్మదిస్తే పెట్రోలు తుంపరలు పోర్టు గోడలకు అంటుకుంటాయి. అందుకే రోజూ రోడ్డెక్కే 350 ఇంజన్‌కు 180–195 సీసీ చాలునని నా అభిప్రాయం. 220 సీసీ, ఎప్పుడూ పైవేగాల్లోనే తిరిగే పందెపు ఇంజన్ల సొత్తు.

పోర్టు సైజు తరువాత అమ్మేవారు ముందుకు తోసేది, హెడ్డు గుండా గాలి పోనిచ్చి కొలిచే ఫ్లోబెంచి యంత్రం ఇచ్చే అంకె. 28 అంగుళాల నీటి పీడన వ్యత్యాసం దగ్గర నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోయిందో అది చెబుతుంది. 240 వస్తే ఎనిమిది సిలిండర్లకు పైహద్దు సుమారు 490 అశ్వశక్తి అన్నది ఇంజన్ కట్టేవారి మోటు లెక్క. అయితే ఆ అంకె వాల్వు ఎంత లేచినప్పటిదో చూడాలి. వాల్వులను తెరిచే ఇరుసైన మన క్యామ్‌షాఫ్ట్ వాల్వును 0.480 అంగుళం మాత్రమే ఎత్తగలిగినప్పుడు 0.700 దగ్గరి ఘనత మనకెందుకు? పైగా వాల్వు శిఖరాన్ని తాకేది ఒక్కసారి, మధ్య ఎత్తులను దాటేది రెండుసార్లు, లేచేటప్పుడూ దిగేటప్పుడూ. కాబట్టి 0.300, 0.400 దగ్గరి అంకెలే కొనేవారికి ఎక్కువ సంగతులు చెబుతాయి.

హెడ్డులో ఇంధనం మండే గుంట, అంటే కంబషన్ ఛాంబర్, సైజు మరో లెక్క. ఈ ఇంజన్ ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ తుడిచే చోటు 717 సీసీ. హెడ్డుకూ ఇంజన్ బ్లాకుకూ మధ్య వేసే గాస్కెట్ మందం, పిస్టన్ పైన మిగిలే సందు, వాల్వుల కోసం పిస్టన్‌లో చెక్కిన గుంటలు కలిపి 18.6 సీసీ అనుకుందాం. 1970లలో ఎక్కువగా వచ్చిన 76 సీసీ ఛాంబర్‌తో కంప్రెషన్ నిష్పత్తి, అంటే లోపలి గాలి ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందన్నది, 8.6 దగ్గర ఆగుతుంది. 64 సీసీ ఛాంబర్ పెట్టగానే 9.7 అవుతుంది. ఇనుముకన్నా అల్యూమినియం వేడిని సుమారు మూడు రెట్లు చురుగ్గా లాగేస్తుంది కనుక నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి మండి కొట్టే చప్పుడు, రాకుండా ఈ పెరుగుదలను ఓర్చుకోవడం దానికి కొంత సులువు. బరువు తగ్గడం అదనపు లాభం. కానీ అది ఇనుప బ్లాకుకన్నా రెట్టింపు వ్యాకోచిస్తుంది, గాస్కెట్‌ను దానికి తగినట్టు ఎంచుకోవాలి.

హెడ్డు ఒంటరిగా రాదు. 1996 నుంచి షెవర్లే మాతృసంస్థ జీఎం తన ట్రక్కులకు వేసిన వోర్టెక్ ఇనుప హెడ్డు చవకలో దొరికే మంచి సరుకు. అయితే హెడ్లకు గాలి పంచే దాని ఇన్‌టేక్ మానిఫోల్డుకు పాత పన్నెండు బోల్టుల బదులు ఎనిమిదే ఉంటాయి, కాబట్టి మానిఫోల్డు కూడా కొనాలి. ఇక ఇదే కుటుంబంలోని 305 ఇంజన్ బోరు 3.736 అంగుళాలే, అందులో 2.02 అంగుళాల వాల్వు సిలిండర్ గోడకు మరీ దగ్గరై, తన గాలికి తానే అడ్డు నిలుస్తుంది.

అన్నీ కుదిరాక కూడా చివరి బోల్టు బిగించే ముందు చేయవలసిన పని ఒకటుంది. పిస్టన్ గుంటల్లో పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి బంకమట్టి అద్ది, అంటుకోకుండా వాల్వులకు నూనె రాసి, గాస్కెట్‌తో సహా హెడ్డు బిగించి, వాల్వులను కదిపే పుష్‌రాడ్లు, రాకర్లు సర్ది, క్రాంక్‌షాఫ్ట్‌ను చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పాలి. హెడ్డు విప్పి, వాల్వు నొక్కిన ముద్రను బ్లేడుతో అడ్డంగా కోసి, అన్నిటికన్నా పలచనైన చోట కొలవాలి. ఇన్‌టేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు ఉంటే బిగించుకోవచ్చు. అంతకు తగ్గితే పిస్టన్లు బయటికి తీసి గుంటలు లోతు చేయించడమో, క్యామ్‌షాఫ్ట్ మార్చడమో తప్పదు.