అభిమానుల రాతలు ఎవరి చేతిలో ఉన్నాయి?

2019 అక్టోబరులో యాహూ ఒక ప్రకటన చేసింది. యాహూ గ్రూప్స్ అనే తన చర్చా బృందాల సర్వీసులో ఏళ్ల తరబడి పోగుపడిన సందేశాలు, ఫైళ్లు, ఫోటోలు డిసెంబరులో తీసేస్తాం, కావలసినవాళ్లు ఈలోపు దించుకోండి అని దాని సారాంశం. ఆ గ్రూపుల్లో కథల మీద ఇష్టంతో పెట్టుకున్నవి బోలెడు. ఒక పాత్ర మీద రోజుల తరబడి సాగిన వాదనలు, వారానికో భాగంగా పంచుకున్న కథలు, కొత్తగా చేరినవాళ్లకు పాతవాళ్లు రాసిన పరిచయాలు అన్నీ అక్కడే ఉన్నాయి. వాటిని కాపాడటానికి వాలంటీర్లు ఉరుకులు పరుగులు పెట్టారు. కొన్ని దక్కాయి, చాలా పోయాయి.

యాహూకు ముందూ, తర్వాతా ఇలా జరుగుతూనే ఉంది. పాఠకులు ప్రేమతో రాస్తారు, ఆ రాతలు ఉన్న చోటు మాత్రం వేరొకరిది. ఈ చిక్కు ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఇంటర్నెట్ లేని రోజులకు వెళ్లాలి.

1926లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అమెరికాలో 'అమేజింగ్ స్టోరీస్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక పెట్టాడు. అందులో పాఠకుల ఉత్తరాలను చిరునామాలతో సహా అచ్చువేసేవారు. దాంతో పాఠకులు సంపాదకుణ్ని పక్కన పెట్టి ఒకరికొకరు నేరుగా రాసుకోవడం మొదలుపెట్టారు. అలా కలిసినవాళ్లే క్లబ్బులు కట్టారు, 1930 నుంచి సొంత చిన్న పత్రికలు తెచ్చారు. స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ తీసి, పోస్టులో పంపేవారు. కాగితం, తపాలా ఖర్చులు వస్తే చాలనుకునేవారు. 1967లో 'స్టార్ ట్రెక్' అభిమానులు తెచ్చిన 'స్పాకనేలియా' ఈ కోవలోదే. ఆ తరం పత్రికల్లో రాసినవాళ్లలో, వాటిని నడిపినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ప్రతులు కొద్దిగానే వేసేవారు, ఉత్తరానికి జవాబు రావడానికి వారాలు పట్టేది. అయినా ప్రతి కాపీ ఎవరో ఒకరి చేతిలో ఉండేది, దాన్ని ఒక్క మీట నొక్కి మాయం చేయడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఈ సంగతి విలువ అప్పట్లో ఎవరికీ తట్టి ఉండదు, తట్టాల్సిన అవసరమూ రాలేదు.

నెట్‌వర్కుల కాలం ఊహించినదానికంటే ముందే వచ్చింది. 1979లోనే, అమెరికా రక్షణ శాఖ డబ్బుతో నడిచే, ఇంటర్నెట్‌కు మాతృక అయిన ఆర్పానెట్ మీద 'ఎస్ఎఫ్ లవర్స్' అనే ఈమెయిల్ జాబితా మొదలైంది. పరిశోధన కోసం వేసిన తీగల మీద జనం నవలల గురించి మాట్లాడుకున్నారు! మరుసటి ఏడాది యూజ్‌నెట్ అనే చర్చావేదికల నెట్‌వర్క్ వచ్చింది. కథ మలుపు ముందే చెప్పేసి ఎదుటివాళ్ల సరదా చెడగొట్టకూడదని, హెచ్చరిక రాసి కింద బోలెడు ఖాళీ వరుసలు వదిలే మర్యాద అక్కడ స్థిరపడింది. తొంభైల్లో సొంత వెబ్ పేజీలు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలా భాగం విశ్వవిద్యాలయం ఇచ్చిన ఖాతాలోనో, జియోసిటీస్ లాంటి ఉచిత సర్వీసులోనో ఉండేవి. విద్యార్థి చదువు ముగిస్తే పేజీ పోయేది. జియోసిటీస్‌ను 1999లో యాహూయే కొన్నది, 2009లో మూసేసింది.

ఇతరుల పాత్రలతో అభిమానులు అల్లే కథలనే ఫ్యాన్‌ఫిక్షన్ అంటారు. 1998లో వాటి కోసం ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ వచ్చాక ఎవరైనా కథ పెట్టవచ్చు, చదివినవాళ్లు కిందే అభిప్రాయం రాయవచ్చు. అసలు కథల హక్కుదారులతో పేచీలూ పెరిగాయి. 2000లో హ్యారీ పాటర్ సినిమాలు తీసే వార్నర్ బ్రదర్స్ హ్యారీ పాటర్ అభిమానుల సైట్లకు లీగల్ నోటీసులు పంపింది. ఆ సైట్లు నడిపేవాళ్లలో బడిపిల్లలూ ఉన్నారు. పిల్లలు బెదరలేదు, బహిష్కరణకు పిలుపునిచ్చారు. చివరికి కంపెనీయే మెత్తబడింది.

ఈ చరిత్రలో అసలు మలుపు 2007 మే నెల అని నా అభిప్రాయం. అప్పట్లో అభిమానుల సంభాషణలో పెద్ద భాగం లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైట్‌లో సాగేది. నెలాఖరులో ఆ సంస్థ, బయటి నుంచి వచ్చిన ఫిర్యాదులతో హడావిడిగా సుమారు 500 ఖాతాలను నిలిపేసింది. వాటిలో కల్పిత కథలు పంచుకునే బృందాలున్నాయి. ఒక నవల మీద చర్చించుకునే పాఠకుల బృందం ఉంది. లైంగిక హింసకు గురైనవాళ్లు ఒకరికొకరు అండగా పెట్టుకున్న బృందాలూ ఉన్నాయి. సంస్థ తర్వాత క్షమాపణ చెప్పి చాలా ఖాతాలను తెరిచింది, కానీ నమ్మకం తిరిగి రాలేదు. అదే రోజుల్లో ఫ్యాన్‌లిబ్ అనే కంపెనీ పెట్టుబడిదారుల సొమ్ముతో దిగి, అభిమానుల కథల మీద వ్యాపారం చేయబోయింది. రాతా, రిస్కూ రాసేవాళ్లవి. లాభం మాత్రం కంపెనీది. అది రెండో ఏడాది దాటలేదు.

ఈ కోపంలోంచే ఒక పిలుపు వచ్చింది: సర్వర్లు మనవే అయి ఉండాలి, ప్రకటనలు వద్దు, లాభం వద్దు, న్యాయపరంగా మనల్ని మనమే కాపాడుకోవాలి. ఆ పిలుపు నుంచి 'ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫార్మేటివ్ వర్క్స్' పుట్టింది. 2009 నవంబరులో దాని 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అందరికీ తెరుచుకుంది. కోడ్ రాసింది వాలంటీర్లే, అవసరం కొద్దీ అప్పటికప్పుడు ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. రచయితలు కథకు తమకు తోచిన ట్యాగ్ పెట్టుకుంటారు, ఒకే అర్థమున్న ట్యాగులను వాలంటీర్లు వెనక కూర్చుని కలుపుతారు. ఎవరి మాటా కొట్టేయకుండా వెతుకులాట తేలిక చేసే ఈ పద్ధతి మీద నాకు ఎంతో గౌరవం. ఇతరచోట్ల మూతపడబోతున్న పాత కథల సైట్లను తెచ్చి ఇందులో చేర్చే విభాగమూ ఉంది. 2019లో ఈ ఆర్కైవ్‌కు సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో అవార్డు వచ్చింది. ఈ రోజు అక్కడున్న రచనలు కోటి దాటాయి, ఖర్చు విరాళాలతోనే గడుస్తోంది.

పుస్తకాల సమీక్షలకు ఇంత అదృష్టం పట్టలేదు. పాఠకులు తమ లైబ్రరీలా భావించిన పుస్తక సమీక్షల సైట్ గుడ్‌రీడ్స్‌ను 2013 మార్చిలో అమెజాన్ కొన్నది. రచయితల ప్రవర్తన గురించి పాఠకులు రాసుకున్న కొన్ని సమీక్షలు, జాబితాలు అదే ఏడాది సెప్టెంబరులో తొలగించారు. 2020 తర్వాత సందడంతా టిక్‌టాక్‌లోని చిన్న వీడియోలకు మారింది. ఎప్పుడో వచ్చిన నవలలు కూడా వాటి వల్ల మళ్లీ బెస్ట్ సెల్లర్లయ్యాయి. అయితే ఆ యాప్ భారతదేశంలో 2020 జూన్‌లో నిషేధానికి గురైంది, అమెరికాలో 2025 జనవరిలో కొన్ని గంటలు ఆగిపోయింది. మరికొంత చర్చ డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లోని బృందాల్లోకి వెళ్లింది. అక్కడి మాటలు సెర్చ్‌లో దొరకవు, సభ్యుడు కానివాడికి అసలు కనిపించవు.

సొంత సర్వర్లున్న ఆర్కైవ్‌కూ కొత్త తలనొప్పి వచ్చింది. 2025లో అక్కడ అందరికీ కనిపించే కథలను ఎవరో మూకుమ్మడిగా దించుకుని, ఏఐ శిక్షణకు పనికొచ్చే డేటాగా వేరే సైట్‌లో పెట్టారు. ఆర్కైవ్ నడిపేవాళ్ల ఫిర్యాదుతో దాన్ని అక్కడ తీసేశారు. ఆ భయంతో చాలామంది రచయితలు తమ కథలు ఖాతా ఉన్నవాళ్లకే కనిపించేలా తాళం వేసుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఖాతా లేకుండా వచ్చి చదివిపోయే కొత్త పాఠకుడికి ఇప్పుడు ఆ కథలు కనిపించవు, ఖాతా కావాలంటే ఆహ్వానం కోసం క్యూలో ఆగాలి.