థంబ్ రూల్ వెనక పెళ్లాన్ని కొట్టే చట్టం ఉందా?

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం నా పని. "రూల్ ఆఫ్ థంబ్" (మన ఆఫీసుల్లో థంబ్ రూల్, అంటే ఉజ్జాయింపు లెక్క) అనే మాట వచ్చిందంటే చాలు, "దాని అసలు చరిత్ర తెలుసా?" అని ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు.

అపోహ: బొటనవేలి కంటే లావు లేని కర్రతో భార్యను కొట్టొచ్చని ఇంగ్లండులో చట్టం ఉండేది. ఈ మాట అందులోంచే వచ్చింది.

వాస్తవం: అలాంటి చట్టం లేదు. 1692లోనే విలియం హోప్ అనే స్కాట్లండు కత్తిసాము గురువు, విద్యగా నేర్వకుండా ఉజ్జాయింపుగా కత్తి తిప్పేవాడి గురించి ఈ మాట వాడాడు. అక్కడ భార్యా లేదు, కర్రా లేదు.

కర్ర గొడవ మొదలైంది 90 ఏళ్ల తర్వాత. 1782లో ఫ్రాన్సిస్ బుల్లర్ అనే ఇంగ్లండు జడ్జి, బొటనవేలంత కర్రతో భార్యను కొట్టొచ్చని అన్నాడని పుకారు పుట్టింది. ఆయన అలా అన్న దాఖలా కోర్టు రికార్డుల్లో ఎక్కడా లేదు. కానీ కార్టూనిస్టు జేమ్స్ గిల్రే ఊరుకుంటాడా? కర్రల కట్టలు మోస్తున్న "జడ్జి థంబ్" అని కార్టూన్ గీశాడు. పాపం, ఆ పేరు బుల్లర్‌కు అతుక్కుపోయింది.

అలాగని కర్ర సంగతి మొత్తం కట్టుకథని కొట్టిపారేయలేం. 1868లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక కింది కోర్టు జడ్జి సరిగ్గా ఈ బొటనవేలి కొలతే చెప్పి, భార్యను కొట్టిన భర్తను వదిలేశాడు. పైకోర్టు ఆ కొలతను ఒప్పుకోలేదు. అయినా సంసారాల్లో తలదూర్చం అంటూ శిక్ష మాత్రం వేయలేదు. నాకైతే పుకారు కంటే ఈ తీర్పే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. 1982లో అమెరికా పౌరహక్కుల కమిషన్ గృహహింస నివేదిక పేరులో "రూల్ ఆఫ్ థంబ్" అని పెట్టడంతో కథ ఇంకా బలపడింది.

అపోహ: బీరు కాచేవాళ్లు బొటనవేలు ముంచి వేడి చూసేవాళ్లు, అందుకే ఆ పేరు.

వాస్తవం: ఆధారం లేదు.

అపోహ: తెలుగులో "బొటనవేలి నియమం" అనాలి.

వాస్తవం: దయచేసి వద్దు. ఆ ఇంగ్లీషు మాట వేళ్లతో కొలిచే అలవాటులోంచి వచ్చిందనేదే నమ్మదగ్గ వివరణ. ఫ్రెంచివాళ్లకు బొటనవేలూ అంగుళమూ ఒకే మాట, "పూస్". మన అంగుళం కూడా వేలి పేరే. బెత్తెడు, జానెడు, మూరెడు ఉండనే ఉన్నాయి. కాబట్టి "ఉజ్జాయింపు లెక్క" అంటే చాలు. మా అమ్మ బియ్యం మీద వేలు ఆనించి, ఒక కణుపు మునిగేదాకా నీళ్లు పోసేది. ఏ వేలు అని అడిగితే, "అన్నం తింటావా, లెక్కలు అడుగుతావా?" అనేది.