నీళ్ళు అడగని చెట్టు

బెంగళూరులో చెరువు గట్ల మీదా, రోడ్ల పక్కనా, కాలేజీ ఆవరణల్లోనూ అకేసియా కనిపించని చోటు తక్కువ. పూర్తి పేరు అకేసియా ఆరిక్యులిఫార్మిస్. సొంత గడ్డ ఉత్తర ఆస్ట్రేలియా, పాపువా న్యూగినీ, ఇండోనేషియాలో కొంత భాగం. మన దేశంలో 1946లో మొదట పశ్చిమ బెంగాల్‌కు వచ్చింది. సామాజిక వనాలు ఊపందుకున్న 1980లలో కర్ణాటకలో నీలగిరి చెట్లతో పాటు దీన్నీ విరివిగా నాటారు.

నాటినవాళ్ళను తప్పుపట్టలేం. గులకరాళ్ళ నేలైనా, గనుల్లోంచి తోడిపోసిన మట్టైనా ఇది బతుకుతుంది. వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఇస్తుంది కాబట్టి ఎరువు అడగదు. పశువులు పెద్దగా ముట్టవు, కంచె ఖర్చు ఉండదు. కొన్నేళ్ళకే నీడా, వంటచెరకూ చేతికొస్తాయి. ఇన్ని సుగుణాలున్న మొక్కను ఏ ఆఫీసరు కాదంటాడు?

దీని ఆకు నిజానికి ఆకు కాదు. కొడవలిలా వంగి, దళసరిగా, నిలువు ఈనెలతో కనిపించేది వెడల్పైన ఆకు కాడ. నమ్మకం లేకపోతే చెట్టు కింద మొలకను చూడండి. మొదట వచ్చేవి తుమ్మకు ఉన్నట్టే చిన్న చిన్న రెక్కలున్న అసలు ఆకులు. ఆ తర్వాత కాడ వెడల్పవుతూ వస్తుంది. కొన్ని మొలకల్లో చదునైన కాడ చివర నాలుగు రెక్కలు ఇంకా వేలాడుతూ ఉంటాయి. తర్వాత అవీ పోయి కాడే మిగులుతుంది. ఎండకు తట్టుకోవడానికి ఈ ఏర్పాటు బాగుంది. చిక్కంతా రాలాకే: ఈ కాడలు త్వరగా కుళ్ళవు. ఏళ్ళ తరబడి పేరుకుని, కింద గడ్డినీ, చిన్న మొక్కలనూ లేవనివ్వవు.

ఇక కాయ. మెలితిరిగి పగిలిన కాయలోంచి నల్లటి గింజ నారింజ రంగు తాడుకు వేలాడుతుంది. ఆ రంగు చూసే పక్షులు వస్తాయి. గింజ పెంకు ఎంత గట్టిదంటే నర్సరీల్లో వేడినీళ్ళలో వేసిగానీ మొలిపించరు. నేలలో పడ్డ గింజ అలాగే ఏళ్ళు ఆగగలదు. మా కాలనీ పార్కు చూసే కదిరి తోటమాలి "ఎప్పుడు పడిందో ఏమో సార్, దానంతట అదే లేస్తాది" అంటాడు. అలంకారానికి నాటుకున్న ఫ్లోరిడాలో ఇది పైన్ అడవుల్లో చొరబడి, దురాక్రమణ మొక్కల జాబితాకెక్కింది.

తెలుగువాళ్ళకు ఈ కథ కొత్త కాదు. 1870లలో కడప జిల్లా కమలాపురంలో నాటిన సర్కారు తుమ్మ ఎక్కడెక్కడికి పాకిందో చూశాం. అలాగని విదేశీ చెట్లన్నీ ఒకటి కాదు. మడగాస్కర్ గుల్‌మొహర్, దక్షిణ అమెరికా జకరాండా బెంగళూరు వీధుల్లో బుద్ధిగానే ఉన్నాయి. ఏ దేశం నుంచి వచ్చిందన్నదానికన్నా, నాటని చోట కూడా మొలుస్తోందా అన్నదే చూడాలి. నన్నడిగితే, పాత క్వారీలో ఉన్న అకేసియాను ఉండనివ్వొచ్చు. చెరువు గట్టు మీద, గడ్డినేలల్లో మాత్రం వద్దు.

అయితే కొట్టేసినంత మాత్రాన పని అయిపోదు. నీడ పోయి ఎండ తగలగానే నేలలో దాగిన గింజలు లేస్తాయి. మొదటి వానల తర్వాత రెక్కల ఆకులతో ఉన్న మొలకలు చేత్తో లాగితే వచ్చేస్తాయి. కాడలు వెడల్పయ్యేదాకా ఆగితే గునపం కావాలి. పైగా ఒక్క వానాకాలంతో ఇది తెమలదు.