అమెరికాలో కౌన్సెలింగ్ మాస్టర్స్: అపోహలు - వాస్తవాలు

ఐటీ ఉద్యోగం విసుగొచ్చో, పిల్లలు బడికెళ్లాక తీరిక దొరికో, డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది కౌన్సెలర్‌నైన నన్ను మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ గురించి అడుగుతుంటారు. కింద చెప్పే లైసెన్స్ లెక్కలు టెక్సస్‌వి. రాష్ట్రాన్ని బట్టి అవి మారతాయి.

అపోహ: "అందరూ నా దగ్గరే సలహా అడుగుతారు, నాకిది సరిగ్గా సరిపోతుంది."

ఈ మాట అన్నవాళ్లకే చదువు ఎక్కువ కష్టమవుతుంది. ప్రాక్టికమ్‌లో, అంటే కోర్సులో భాగంగా క్లయింట్లతో పనిచేసే తొలి శిక్షణలో, క్లయింట్ అనుమతితో సెషన్ రికార్డు చేస్తారు, తర్వాత పని పర్యవేక్షించే సూపర్‌వైజర్‌తో కలిసి వింటారు. "అత్తగారు వచ్చి నాలుగు నెలలైంది, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు" అని క్లయింట్ అంటుంది. "మీవారితో ఒకసారి కూర్చుని మాట్లాడండి" అంటాడు విద్యార్థి. సూపర్‌వైజర్ రికార్డింగ్ అక్కడే ఆపేస్తారు. నిద్ర ఎన్నాళ్లుగా లేదు? తిండి తింటోందా? చచ్చిపోవాలనిపిస్తోందా? ఒక్కటీ అడగలేదు. ఆవిడ భర్తతో ఎన్నిసార్లు మాట్లాడి విసిగిపోయి ఇక్కడికొచ్చిందో!

చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనవాళ్లకు భయం. సూటిగా అడిగినందువల్ల అలాంటి ఆలోచనలు పెరగవని పరిశోధనలు చెబుతున్నాయి. అయినా ఆ ప్రశ్న తడబడకుండా అడగడానికి కొందరికి ఒక సెమిస్టర్ పడుతుంది.

అపోహ: సైకాలజీ డిగ్రీ లేకపోతే సీటు రాదు.

ఇంజినీర్లనూ టీచర్లనూ కూడా చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి. కొన్నిచోట్ల ముందుగా ఒకటి రెండు కోర్సులు చేయమంటారు, అంతే.

అపోహ: రెండేళ్లు చదివి బోర్డు పెట్టేయొచ్చు.

ఇది మాత్రం కాస్త నిదానంగా చదవండి. కోర్సు 60 క్రెడిట్లు. కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్నదైతే 100 గంటల ప్రాక్టికమ్, ఆపైన 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ఆ 600లో 240 గంటలు నేరుగా క్లయింట్లతో గడపాలి. చాలాచోట్ల జీతం ఇవ్వరు. ఆన్‌లైన్ కోర్సులోనూ ఈ గంటలు తప్పవు. డిగ్రీ వచ్చి, పరీక్ష పాసైతే ఎల్‌పీసీ (లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్) అసోసియేట్, అంటే ఇంకా పర్యవేక్షణలో పనిచేసే కౌన్సెలర్ అవుతారు. అప్పుడు సూపర్‌విజన్ కింద 3000 గంటలు చేయాలి, అందులో 1500 క్లయింట్లతో. ఎంత పరిగెత్తినా 18 నెలలకు ముందు పూర్తి లైసెన్స్ రాదు. నెలకు కనీసం 4 గంటల సూపర్‌విజన్ ఉండాలి, దాని ఫీజు చాలామంది సొంత జేబులోంచే కడతారు.

అపోహ: "ఎఫ్-1 మీద చదివితే మూడేళ్ల ఓపీటీ వస్తుందిగా!"

రాదు. ఓపీటీ అంటే ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదివినవాళ్లకు డిగ్రీ తర్వాత పనిచేయడానికిచ్చే అనుమతి. అది మూడేళ్లు దొరికేది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సులకే. క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్ ఆ జాబితాలో లేదు. ఓపీటీ 12 నెలలే, అసోసియేట్‌గా ఉండాల్సింది కనీసం 18 నెలలు. మిగతా ఆరు నెలలు ఏ వీసా మీద పనిచేస్తారో ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి. కన్సల్టెన్సీలు ఈ ముక్క చెప్పవు.

అపోహ: లైసెన్స్ వస్తే మందులు రాయొచ్చు, గుంటూరులో ఉన్న పిన్నిగారికీ వీడియోలో సెషన్లు ఇవ్వొచ్చు.

మందులు రాసేది సైకియాట్రిస్టుల్లాంటి వైద్యులు, మనం కాదు. టెక్సస్ లైసెన్స్ టెక్సస్‌లో కూర్చుని మాట్లాడే క్లయింట్లకే. పైగా పిన్నిగారు బంధువు, ఆమెకు కౌన్సెలింగ్ చేయకూడదు.

అపోహ: తెలుగు కౌన్సెలర్‌కి చెబితే ఊరంతా తెలుస్తుంది.

ప్రాణాపాయం, పిల్లలపై హింస లాంటి చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప క్లయింట్ మాట బయటకు పోకూడదు. పోతే లైసెన్స్‌కే ఎసరు. తెలుగు క్లయింట్లకు మొదటి సెషన్‌లోనే ఒకటి చెప్పేస్తాను: "గుడిలోనో బతుకమ్మ దగ్గరో ఎదురుపడితే నేను ముందు పలకరించను, ఏమనుకోకండి. మీరు పలకరిస్తే మాట్లాడతాను."