సీడీ రైటర్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్: అపోహలు - వాస్తవాలు

డిస్క్ వేస్ట్ అయితే చాలు, "ఫర్మ్‌వేర్ పాతదై ఉంటుంది" అనేస్తారు. ఫర్మ్‌వేర్ అంటే డ్రైవ్ లోపలి చిప్‌లో ఉండి దాన్ని నడిపే ప్రోగ్రామ్. చాలాసార్లు ఫర్మ్‌వేర్‌ది తప్పే కాదు.

అపోహ: 52ఎక్స్ డ్రైవ్ డిస్క్ అంతా 52ఎక్స్‌లోనే రాస్తుంది.

వాస్తవం: 1ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు. 52ఎక్స్ అందేది డిస్క్ బయటి అంచు దగ్గరే. లోపల సుమారు 20-24ఎక్స్‌తో మొదలై, బయటికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. సగం డిస్కే నింపితే ఆ 52 మీ కంటపడదు.

అపోహ: అప్‌డేట్ చేస్తే డ్రైవ్ వేగం పెరుగుతుంది.

వాస్తవం: అప్‌డేట్‌లో ఎక్కువగా మారేది డిస్క్‌ల పట్టిక. ఖాళీ సీడీ-ఆర్ (ఒక్కసారే రాయగల సీడీ) గాడిలో ఏటిప్ అనే కోడ్ ముందే ఉంటుంది. 97:24:01 కనబడితే ఆ డిస్క్ తయారీదారు తైయో యూడెన్, 97:26:66 అయితే సీఎంసీ. ఆ కోడ్‌ని బట్టి లేజర్ పవర్ ఎంత, పల్స్ ఎంతసేపు అన్నది డ్రైవ్ తన పట్టికలో చూసుకుంటుంది. పట్టికలో లేని డిస్క్ పెడితే ఏదో మధ్యస్థం సెట్టింగ్‌తో, చాలాసార్లు వేగం తగ్గించి రాస్తుంది. పైగా డబ్బా మీద బ్రాండ్ అదే ఉన్నా లోపలి తయారీదారు మారుతుంటాడు. కొత్త డబ్బా తెరిచాకే తప్పులు మొదలైతే అప్‌డేట్ వెతకడంలో అర్థముంది.

నిన్నటిదాకా బాగా రాసిన డిస్క్‌లే ఇవాళ పాడవుతుంటే మాత్రం లెన్స్ మీద దుమ్ము, కేబుల్, లేజర్ చూడాలి. "పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్" (లేజర్ పవర్ సరిచూసుకోలేకపోవడం) ఒక్క రకం డిస్క్‌కే వస్తే డిస్క్ మార్చండి. అన్నిటికీ వస్తూ, లెన్స్ తుడిచినా పోకపోతే లేజర్ అయిపోవచ్చినట్టే. దానికి ఏ ఫర్మ్‌వేరూ మందు కాదు.

వేగం పెరిగిన సందర్భాలు లేకపోలేదు. లైట్‌ఆన్ కంపెనీ 40ఎక్స్ రైటర్ 40125ఎస్‌లో 48ఎక్స్ మోడల్ 48125డబ్ల్యూ ఫర్మ్‌వేర్ ఎక్కించి 48ఎక్స్ రాబట్టినవాళ్లున్నారు. అది కంపెనీ ఒప్పుకునే పని కాదు, వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

అపోహ: రైటింగ్ ఒక్కసారిగా నత్తనడక అయితే ఫర్మ్‌వేర్ చెడిపోయినట్టే.

వాస్తవం: విండోస్ ఎక్స్‌పీలో ముందు డీఎంఏ (ప్రాసెసర్ మీద భారం పడకుండా డేటా వేగంగా పంపే పద్ధతి) చూడండి. డ్రైవ్‌తో మాటామంతీలో ఆరు ఎర్రర్లు పోగయ్యేసరికి విండోస్ మెల్లగా పీఐఓ మోడ్‌కి (డేటా అంతా ప్రాసెసరే మోసే నెమ్మది పద్ధతి) దించేస్తుంది. మళ్లీ తనంతట తాను పైకి ఎక్కించదు. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ తగిలించిన ఐడీఈ ఛానెల్‌ని (డ్రైవ్ కేబుల్ కనెక్షన్) అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే డీఎంఏ తిరిగొస్తుంది. కొన్నాళ్లకు మళ్లీ పడిపోతే కేబుల్ మార్చండి.

అపోహ: ఎంత నెమ్మదిగా రాస్తే అంత నాణ్యం.

వాస్తవం: హైస్పీడ్ డిస్క్‌ల రసాయనపు పూత 1ఎక్స్, 2ఎక్స్ కోసం చేసింది కాదు. 16 నుంచి 24ఎక్స్ మధ్య రాసుకోండి.

అపోహ: మోడల్ ఒకటే కదా, ఏ ఫైలైనా ఎక్కించొచ్చు.

వాస్తవం: కంపెనీ పీసీతో వచ్చిన డ్రైవ్ మీద ఒక పేరుంటుంది, లోపలిది మరొకరి తయారీ. ఫర్మ్‌వేర్ కూడా వేరే. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. పూర్తి మోడల్ పేరు, దాని చివర వెర్షన్ కనబడతాయి. రెండూ కాగితం మీద రాసుకున్నాకే ఫైల్ వెతకండి.

అపోహ: అప్‌డేట్ అంటే మామూలు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ లాంటిదే.

వాస్తవం: ఇది డ్రైవ్ లోపలి ఫ్లాష్ చిప్‌ని చెరిపి కొత్తగా రాయడం. మధ్యలో కరెంటు పోతే డ్రైవ్ మూగబోతుంది. అందుకే యూపీఎస్ మీద చేయండి. ట్రేలో డిస్క్ ఉంచకండి. నీరో, ఇన్‌సీడీ లాంటి సీడీ రాసే ప్రోగ్రామ్‌లన్నీ మూసేయండి. యూఎస్‌బీ డబ్బాలో ఉన్న డ్రైవ్‌ని వీలైతే తీసి నేరుగా మదర్‌బోర్డ్‌కి తగిలించండి. లైట్ మిణుకుమంటున్నా, స్క్రీన్ కదలకపోయినా పది నిమిషాలు ముట్టుకోకండి. అయ్యాక రీస్టార్ట్ సరిపోదు, పీసీ పూర్తిగా ఆపి మళ్లీ వేయండి. ఫ్లాష్ మధ్యలో ఆగిపోయినా మీడియాటెక్ చిప్ ఉన్న లైట్‌ఆన్ డ్రైవ్‌లు కొన్ని డాస్‌లో ఎంటీకే ఫ్లాష్ అనే ప్రోగ్రామ్‌తో తిరిగి లేస్తాయి.

ఆ ఫ్లాష్ చిప్ ఎంత సున్నితమో 2003లో తెలిసొచ్చింది. మాండ్రేక్ లైనక్స్ 9.2 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పంపిన "క్యాష్ ఖాళీ చేయి" అన్న మామూలు కమాండ్‌ని కొన్ని ఎల్‌జీ సీడీ-రామ్ డ్రైవ్‌లు ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌గా తీసుకున్నాయి. పనిచేస్తున్న డ్రైవ్‌లు కాస్తా మూలపడ్డాయి.

అపోహ: సరైన ఫర్మ్‌వేర్ దొరికితే సీడీ రైటర్ డీవీడీ కూడా రాస్తుంది.

వాస్తవం: సీడీ లేజర్ 780 నానోమీటర్లు, డీవీడీకి 650 కావాలి. డీవీడీ రైటర్ కొనుక్కోండి.