కుండీలో బిర్యానీ ఆకు చెట్టు: అపోహలు - వాస్తవాలు

బెజవాడలో నర్సరీ నడుపుతున్నాను. డాబా మీద బిర్యానీ ఆకు పెంచుకుందామని వచ్చేవాళ్ల నోట రోజూ వినే మాటలివి.

అపోహ: బిర్యానీ ఆకు అంటే ఒకటే చెట్టు.

మన కిరాణా కొట్లో దొరికేది దాల్చినచెక్క జాతి చెట్టు ఆకు. తొడిమ దగ్గర నుంచి కొస దాకా మూడు ఈనెలు నిలువునా సాగుతాయి. నడి ఈనె ఒక్కటే ఉండి, పక్కలకు సన్న ఈనెలు చీలితే అది మధ్యధరా ప్రాంతపు బే లారెల్. మన ఎండలకు మొదటిదే తట్టుకుంటుంది. అయినా వేసవిలో 50 శాతం షేడ్ నెట్ వెయ్యాల్సిందే.

అపోహ: గుచ్చిన కొమ్మ చిగురేస్తే బతికినట్టే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఆ చిగురు కొమ్మలో నిలవున్న ఆహారంతో వచ్చింది, అడుగున వేరు అసలు ఉండకపోవచ్చు. సంబరపడి ఎండలోకి మారిస్తే వాడిపోతుంది. దీని కొమ్మ వేరు పట్టడానికి నెలలు పడుతుంది. ఇంటి దగ్గర చేసుకునేవాళ్లకు గాలి అంటు, అంటే కొమ్మను చెట్టు మీద ఉండగానే వేరు పట్టించే పద్ధతి, మేలు. తొలకరి పడ్డాక పెన్సిల్ లావు కొమ్మ చూసుకోండి. అంగుళం మేర చుట్టూ బెరడు తీసి, లోపలి జిగురు పొరను చాకుతో శుభ్రంగా గీకండి. ఆ పొర కాస్త మిగిలినా బెరడు మళ్లీ కలిసిపోతుంది, వేరు రాదు. తడిపి పిండిన నాచు (నర్సరీల్లో దొరికే స్ఫాగ్నమ్ మాస్) చుట్టి, పాలిథిన్ కవరుతో రెండు కొసలా బిగించండి. కవరులోంచి వేళ్లు బాగా కనబడ్డాకే కొమ్మ కోయాలి. ఆ తర్వాత కొన్ని వారాలు నీడపట్టునే ఉంచాలి.

గింజలైతే ఎండబెట్టి దాచకండి, మొలవవు. పండు నుంచి తీసిన వెంటనే వెయ్యండి.

అపోహ: గుంటూరు నల్లరేగడి బలమైన మట్టి, కుండీకి అదే మంచిది.

పత్తికి, మిర్చికి మంచిదే. కుండీలో మాత్రం తడిస్తే ముద్ద, ఎండితే నెర్రెలు, వేళ్లకు గాలాడదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల ఎరువు కలపండి. చిన్న మొక్కను ఒకేసారి డ్రమ్ములో పెట్టినా వేళ్లు చేరని మట్టిలో తడి నిలిచి కుళ్లు వస్తుంది.

అపోహ: చీమలు చెట్టును పాడుచేస్తున్నాయి.

ఆకు తిప్పి చూడండి. ఈనె వెంబడి గోధుమరంగు పొక్కుల్లా అతుక్కున్నవి పొలుసు పురుగులు. అవి కార్చే తీపి జిగురు కోసమే చీమలు ఎక్కుతాయి, నల్లటి మసి పట్టేదీ ఆ జిగురు మీదే. తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. కూరలో వేసుకునే ఆకు, ఘాటు మందుల జోలికి పోవద్దు.

ఇక లేతాకుకే వాసన ఎక్కువన్నదీ నిజం కాదు. ముదురాకు కోసి నీడలో ఆరబెట్టుకోండి, లేత చిగురును చెట్టుకే వదిలెయ్యండి.