బాలింత ఇంటికి ఆరుసార్లు

కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి పల్లెల్లో తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది. ఆసుపత్రిలో పురుడు పోసుకుని బిడ్డతో ఇల్లు చేరాక, ఆశా కార్యకర్త ఆ గడప తొక్కాల్సిన రోజులు లెక్కగా ఉన్నాయి: 3, 7, 14, 21, 28, 42. కాన్పు ఇంట్లోనే అయితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు. దేశమంతటా ఈ పథకం 2011లో మొదలైంది. దీనికి దారి చూపింది మహారాష్ట్రలోని గడ్చిరోలి. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్ళకే శిక్షణనిచ్చి ఇంటింటికీ పంపితే, నెలలోపు పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయి. ఆ ఫలితం 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

బిడ్డ ప్రాణం నిలపడానికి పెట్టుకున్న రోజులివి. బిడ్డ మీద దెబ్బ పడకుండా చూడటానికి కూడా ఇవే రోజులు చక్కగా సరిపోతాయి. ఆ సంగతి మన దగ్గర పెద్దగా ఎవరికీ పట్టలేదు.

అమెరికాలో పట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా అనే చిన్న ఊళ్ళో డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడి బృందం 1970ల చివర్లో 400 మంది తొలిచూలు గర్భిణులను ఎంచుకుంది. చాలామంది పేదలు, లేదా 19 ఏళ్ళు నిండనివాళ్ళు, లేదా పెళ్ళి కానివాళ్ళు. కొందరి ఇళ్ళకు గర్భం నుంచి బిడ్డకు రెండేళ్ళు వచ్చేదాకా నర్సు వెళ్ళేది. పదిహేనేళ్ళ తర్వాత చూస్తే, తల్లి బిడ్డను హింసించిందనో పట్టించుకోలేదనో రుజువైన ఫిర్యాదులు నర్సు వెళ్ళని ఇళ్ళలో సగటున 0.54, వెళ్ళిన ఇళ్ళలో 0.29. అయితే ఒక మెలిక ఉంది. మొగుడి దెబ్బలు ఎక్కువగా ఉన్న ఇళ్ళలో ఈ మేలు కనిపించలేదు. తల్లి దెబ్బలు తింటుంటే బిడ్డ పెంపకం గురించి ఎంత చెప్పినా తలకెక్కదు. అలాంటి ఇంట్లో ముందు చెప్పాల్సింది మహిళల సహాయానికున్న 181 నంబరు, పాలు పట్టే పద్ధతి కాదు.

ఇక ఏడుపు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఏడుపు కూడా రెండో వారం నుంచి పెరుగుతూ, ఆరో వారం దగ్గర శిఖరానికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. సాయంత్రం పూట మరీ ఎక్కువ. పాలిచ్చినా, ఎత్తుకున్నా ఆగదు. నిద్రలేని తల్లో తండ్రో బిడ్డను పట్టుకుని ఊపేసేది ఇప్పుడే. పసిబిడ్డకు తల బరువు, మెడ కండరాలు బలహీనం. గట్టిగా ఊపితే తల ముందుకీ వెనక్కీ కొట్టుకుని మెదడు చుట్టూ, కంటి వెనక రక్తం కారుతుంది. బయటికి గాయం కనపడకపోవచ్చు. ఆశా వచ్చే 28, 42 రోజులు సరిగ్గా ఈ శిఖరానికి అటూ ఇటూ ఉన్నాయి. కాబట్టి మాట 21వ రోజునే చెప్పి ఉంచాలి: "ఇంకా ఏడుస్తాడు మ్మా, నీ తప్పు గాదు. తట్టుకోలేకపోతే మంచం మీద గాదు, కింద చాప మీద ఎల్లకిలా పండబెట్టి పది నిమిషాలు బయటికి పో." దిష్టి తీస్తామంటే తీయనివ్వచ్చు, కనీసం ఐదు నిమిషాలు బిడ్డ ఇంకొకరి చేతిలో ఉంటుంది. నోట్లో ఆముదం పోయడం, చురకలు పెట్టడం మాత్రం ఒప్పుకోకూడదు.

ఇంటికి వెళ్ళాక చేతులు కడుక్కుని కింద కూర్చోవాలి. బిడ్డ నిద్రపోతుంటే ముందు ఊపిరి లెక్కపెట్టాలి, పూర్తి ఒక నిమిషం. 60 గానీ అంతకు మించి గానీ ఉంటే మళ్ళీ లెక్కపెట్టాలి, రెండోసారీ అంతే ఉంటే ఆసుపత్రికే. తర్వాత చంకలో థర్మామీటరు: 97.7 నుంచి 99.5 ఫారన్‌హీట్ మామూలు. ఆ తర్వాత తూకం. బిడ్డను విప్పినప్పుడు ఒంటిని చూడాలి. పిరుదుల మీద, నడుము మీద నీలిమచ్చ మన పిల్లల్లో మామూలే, పుట్టుకతో వస్తుంది, వారాలు గడిచినా రంగు మారదు. దాన్ని మూడో రోజే రాసి పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు. నాలుగు నెలల లోపు, ఇంకా బోర్లా పడని బిడ్డ ఒంటి మీద కొత్తగా కమిలిన మచ్చ కనిపిస్తే అది ఎంత చిన్నదైనా డాక్టరుకు చూపించాల్సిందే.

ఊపిరి, వేడి, తూకం ఆశా నింపే ఫారంలో ఉన్నవే. తల్లి సంగతికి మాత్రం విడిగా ఓ పది నిమిషాలు కావాలి, అమ్మో అత్తో పక్కన లేకుండా. పెద్దవాళ్ళు ఉంటే ఏ బాలింతైనా "బాగున్నా" అనే అంటుంది. వేడినీళ్ళు పెట్టమని పెద్దామెను పొయ్యి దగ్గరికి పంపి, "రాత్రి ఎంతసేపు పండుకున్యావు? ఏం తిన్యావు?" అని మొదలుపెట్టాలి. మూడో రోజు కన్నీళ్ళు పెట్టుకుంటే కంగారు వద్దు, ఆ దిగులు రెండు వారాల్లో పోతుంది. 14వ రోజు దాటాక కూడా దేని మీదా మనసు లేదంటే, బిడ్డను చూసినా ఏమీ అనిపించడం లేదంటే అది జబ్బు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఏఎన్ఎంకు, డాక్టరుకు చెప్పాలి. మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఈ జబ్బుకు మాటలతోనూ గుణం ఉంటుంది. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో అక్కడి ఆరోగ్య కార్యకర్తలే ఇంటికి వెళ్ళి మాట్లాడితే, కుంగుబాటుతో ఉన్న తల్లుల్లో ఆరు నెలలకు 23 శాతం మందికే అది మిగిలింది. మామూలుగా వెళ్ళొచ్చిన చోట 53 శాతం.

చెడేది ఎక్కడంటే, మొదట గడప దగ్గరే, లోపల కూర్చోకుండా ఫారం నింపేసి పోవడంతో. కేంద్రం లెక్క ప్రకారం ఫారం నిండితే ఆశాకు వచ్చేది 250 రూపాయలు, ఆరు రాకపోకలకూ కలిపి. ఆ డబ్బుకు పది నిమిషాలు అదనంగా కూర్చోమనడం న్యాయమా అంటే కాదు. ఆ మాట అధికారులు వినాలి.

రెండోది 42వ రోజు తర్వాతి ఖాళీ. ఆ తర్వాతి పథకంలో మొదటి రాక మూడో నెలలో. సరిగ్గా ఆ మధ్యలోనో, ఆ వెంటనేనో అమ్మాయి బిడ్డనెత్తుకుని మెట్టినింటికి పోతుంది. సుగ్గి కాలమైతే, అంటే వలస కూలికి పోయే రోజులైతే, అక్కడి నుంచి గుంటూరు మిరప చేలకు. రెండు ఊళ్ళ రిజిస్టర్లలోనూ "ఊళ్ళో లేరు" అని పడుతుంది. దీనికి కొత్త యాప్ అక్కర్లేదు. ఈ ఊరి ఆశా ఆ ఊరి ఆశాకు ఫోన్ చేసి బిడ్డ పుట్టిన తేదీ, చివరి తూకం, తర్వాత వెళ్ళాల్సిన రోజు చెప్పాలి. తల్లి ఒప్పుకుంటే ఇంకో మాట కూడా: "తల్లి రాత్రిళ్ళు ఏడుస్తాంది, ఒంటిగా ఉన్నప్పుడు మాట్లాడక్కా."